పసుపు జెండా, సున్నం వేలు

మా ఇంట్లో ఏ గుమ్మం చూసినా నా వేలి గుర్తులే. తమలపాకుకు సున్నం రాసుకున్నాక ఆ వేలు ఎక్కడో ఒకచోట తుడవాలి కదా! చేతికి ఏది దగ్గరుంటే దానికి తుడుస్తాను. ఇంటికి రంగులు వేయించినప్పుడల్లా మా కోడలు పుష్పలత, "అత్తమ్మా, గీ ఒక్క దర్వాజనన్న ఇడువు" అని బతిమాలుతుంది. సరేనంటాను. నాలుగు రోజులు గడిచేసరికి గుమ్మం మీద గీత పడుతుంది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా మనవరాలు సుష్మ ఆశకు అడ్డం పడబోయింది ఈ వేలే.

సుష్మ నిజామాబాద్‌లో మెకానికల్ డిప్లొమా చదువుతోంది, రెండో సంవత్సరం. క్లాసు మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల. నా కొడుకు వేణుకు బోధన్ రోడ్డులో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. చిన్నప్పటి నుంచి ఆ షెడ్డులో తిరిగి తిరిగి ఈ పిల్లకు ఇనుము పిచ్చి పట్టింది. కానీ చేర్పించిన వేణుకే, ఆడపిల్లకు ఈ పని ఎవరిస్తారని ఇప్పుడు గుబులు.

హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన రోడ్లు మూసేసి కరెంటు కార్లకు పందెం పెడుతున్నారని తెలిసిన రోజున తండ్రీ కూతుళ్లకు వాదన మొదలైంది.

"నాకేం తెల్వదు బిడ్డా," అన్నాడు వేణు. "గా కార్ల కాడ పానా పట్టుకోని పని జేసే ఆడపిల్లను ఒక్కదాన్ని సూపియ్యి. గప్పుడు నీ ముచ్చట ఇంట. లేకుంటే డిప్లొమా కాంగనే పానా పక్కకు వెట్టి కంప్యూటర్ నేర్సుకో."

"సూపిస్త బాపు. ఫోటో తీసి పంపిస్త."

"ఒక్కదానివే ఎట్ల పోతవ్?"

"నేను పోత తియ్," అన్నాను నేను. నాకూ చూడాలనే ఉంది, అబద్ధమెందుకు.

టికెట్ ఉంటే కూర్చుని కార్లు చూడవచ్చట గానీ, వాటిని విప్పి బిగించే గ్యారేజీలోకి పోనివ్వరట. దానికి ఒకటే దారి. శనివారం పన్నెండింటికి అభిమానులు చేత్తో చేసిన జెండాలను చూసి, ఒకదాన్ని ఎంచి, ఆ జెండా తెచ్చినవాళ్లను లోపలికి తీసుకుపోతారు. సుష్మకు నచ్చిన కారు పదిహేడో నంబరు. ఆ జట్టు రంగు పసుపు.

"పసుపంటే నేనుండంగ నీకు భయమేంది?" అన్నాను.

మా పుట్టిల్లు కమ్మర్‌పల్లి. పసుపు కొమ్ములు ఉడకబెట్టే పొగలో పెరిగినదాన్ని. మా ఆయన చిన్నయ్య పోయి ఎనిమిదేళ్లు. ఆయన పాత ధోతి ఒకటి పెట్టెలో దాచుకున్నాను. అన్నదమ్ముల ఇంటి నుంచి పసుపు తెప్పించి, గంగాళంలో మరగబెట్టి, ధోతిని రెండుసార్లు ముంచి ఆరేశాను. బంతిపువ్వులా వచ్చింది. సుష్మ నల్ల గుడ్డతో కారు బొమ్మ, పదిహేడు అంకె కత్తిరించి దాని మీద కుట్టింది.

శనివారం తెల్లవారుతుండగా బస్సెక్కాం. ఫిబ్రవరి చలి, నా పక్క కిటికీ అద్దం మూతపడదు. మడిచిన జెండాను అట్లాగే భుజాల చుట్టూ కప్పుకున్నాను. కామారెడ్డి దగ్గర ఒక ఆకు వేసుకున్నాను. తూప్రాన్ దగ్గర ఒకటి. మేడ్చల్ దగ్గర ఇంకొకటి. వేలు ఎక్కడ తుడిచానని నన్ను అడిగితే ఏం చెప్పను!

హుస్సేన్‌సాగర్ చేరేసరికి అక్కడ జాతర. పసుపు టోపీలు, ఎర్ర టోపీలు, నీలం టోపీలు. ముఖాలకు రంగులు పూసేవాళ్లు, డప్పులు కొట్టేవాళ్లు, మిర్చి బజ్జీల బండ్లు. ఒక తండ్రి చంటిపిల్లను భుజాల మీద ఎక్కించుకున్నాడు. ఆ పిల్ల తలకు గుమ్మడికాయంత టోపీ. ఎవరి జట్టు పేరు వాళ్లు గొంతు చించుకుని అరుస్తున్నారు. నా రెండు బుగ్గలకూ పసుపు చారలు గీయించుకున్నాను. గీసిన అమ్మాయి నాతో ఫోటో కూడా దిగింది.

"బాపమ్మా, నీకు సిగ్గయితలేదా?" అని నవ్వింది సుష్మ.

"గిది నాకు కొత్తనా?" అన్నాను.

కొత్త కానే కాదు. పెళ్లయిన కొత్తలో రుద్రూర్ నుంచి బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు పోయేవి. ముందు చేరినవాళ్లకు ముందు తూకం. అందుకని ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడగానే ఎడ్లను ఉరికించేవాళ్లు. ప్రతి బండికీ దాని మనుషులుండేవాళ్లు, దారి పక్కన నిలబడి కేకలు పెట్టేవాళ్లు. మా ఆయన పగ్గాలు పట్టుకుంటే నేను చెరుకు గడల మీద కూర్చుని, రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసేదాన్ని. మా అత్త తిట్టని తిట్టు లేదు. ఎడ్లు మాత్రం ఆ ఈలకు తోకలు లేపి పరుగెత్తేవి.

ఈ ముచ్చట చెబుతూనే జెండాను వెదురు కర్రకు కట్టి, పైకెత్తి విప్పాను.

జెండా నిండా ఎర్రటి గీతలు. ఒకటి కాదు, రెండు కాదు, వేలితో గీసినట్టు ఏడెనిమిది. కారు బొమ్మ కింద ఒకటి, అంకె పక్కన రెండు. చలికి తేమ పట్టిన పసుపు గుడ్డకు సున్నం తగిలితే ఇంకేమవుతుంది? పెళ్లిళ్లలో దిష్టికి ఎర్రనీళ్లు కలిపే చేతులే కదా నావి, ఆ మాత్రం తోచలేదు!

ఎర్ర జట్టంటే పసుపు జట్టుకు బద్ధ విరోధి. అటు నిలబడ్డ ఎర్ర టోపీ కుర్రవాడు ఎగిరి గంతేశాడు. "అరె అవ్వా! సగం మా పార్టీలకు వచ్చినవ్. తతిమ్మ సగం గూడ రా, బిర్యానీ తినిపిస్తం!"

వాడి దోస్తులంతా గొల్లున నవ్వారు. సుష్మ నవ్వలేదు. రోడ్డంచు రాయి మీద కూలబడింది.

"ఏం జేసినవే బాపమ్మా... ఇంక అర్ధగంటే ఉన్నది. గీ మరకల జెండను ఎవలు సూస్తరు? బాపుకు ఏం సూపియ్యాలె?"

ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి, నోట్లో ఆకు పక్కకు పోయి ఉమ్మేశాను. అప్పుడు గుర్తొచ్చింది. పారాణి చీరకు అంటితే మా అమ్మ ఏం చేసేది? నిమ్మచెక్క పెట్టి రుద్దేది.

కాస్త ముందర నిమ్మసోడా బండి ఉంది. పోయి ఆరు నిమ్మకాయలు అడిగాను.

"సోడా వద్దా అవ్వా?" అన్నాడు బండివాడు. "ఉత్త నిమ్మకాయలు గొంటున్నవ్, ఎవలకు దిష్టి తీస్తవ్?"

"గీ నా వేలుకు, నాయినా. జల్ది కోసియ్యి."

ఇద్దరం జెండాను ఒళ్లో పరుచుకుని రుద్దాం. రసం తగిలిన చోటల్లా ఎరుపు కరిగి, కింది నుంచి పసుపు తేలింది. మా చుట్టూ జనం మూగారు. ఎర్ర టోపీ కుర్రవాడు వంగి చూసి నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు. "వామ్మో, మా రంగు మాయం జేస్తున్నది గీ ముసలవ్వ! గదెట్ల?"

క్లాసులో నోరు విప్పదని పేరున్న పిల్ల తలెత్తింది. "గిండ్ల మాయ ఏమున్నది అన్నా? సున్నం క్షారం, నిమ్మ ఆమ్లం. ఏడో తరగతిల సదువలేదా?"

"నేను ఏడుల ఫెయిలక్కా," అన్నాడు వాడు. ఈసారి సుష్మే ముందు నవ్వింది. జెండాలు ఎంచడానికి వచ్చినవాళ్లు ఆ నవ్వులు విని మైకు తెచ్చి ఆమె ముందు పెట్టారు. తడబడుతూనే, కమ్మర్‌పల్లి పసుపు దగ్గర నుంచి నా సున్నం వేలు దాకా మొత్తం చెప్పేసింది.

అయినా మా జెండా గెలవలేదు. సికింద్రాబాద్ వాళ్లు చక్రాలు తిరిగే కారు బొమ్మతో ముప్పై గజాల బ్యానరు తెచ్చారు. గెలవాల్సిందే అది, కాదనను. సుష్మ జెండా చుట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు కంచెకు అవతలి నుంచి ఒక గొంతు వినబడింది. "ఇందాక మైకులో చెప్పింది మీరేనా అండీ? నిమ్మకాయ జెండా?"

పసుపు చొక్కా, మోచేతుల దాకా నల్లటి గ్రీజు, నడుం పట్టీకి పానా. ముప్పై ఏళ్లుంటాయేమో. పేరు యామిని, కాకినాడ అమ్మాయి, పదిహేడో నంబరు కారు మెకానిక్కుల్లో ఒకతె. "మా గ్యారేజీలో కడతామండీ. ఇస్తారా?"

సుష్మ జెండాను కంచె మీదుగా అందించింది. ఆమె అటు పట్టుకుంది. ఈమె ఇటు వదలదు.

"మేడం... కట్టనీకి నేను వస్త."

యామిని ఆ పిల్లను పైకీ కిందికీ చూసింది. "ఏం చదువుతున్నావమ్మా?"

"మెకానికల్ డిప్లొమ."

యామిని గేటు దగ్గరి మనిషితో ఏదో మాట్లాడింది. ఆయన ఒక్కరినే లోపలికి పంపుతానన్నాడు. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. లోపల నా మనవరాలు స్టూలెక్కి, మా ఆయన ధోతిని ఆ మేటి కారు వెనక గోడకు కడుతుంటే చూశాను. నా బుగ్గల మీది పసుపు చారలు చెదిరిపోయాయి, ఎందుకో చెప్పనక్కర్లేదు.

ఇరవై నిమిషాలకు బయటికొచ్చింది. చేతులకు గ్రీజు.

"ఏమడిగినవే?"

"రాసుకున్న ప్రశ్నలన్ని మర్సిపోయిన బాపమ్మా. నా అసొంటోళ్లను గూడ తీసుకుంటరా అని అడిగిన."

"ఏమన్నది?"

"తను గూడ డిప్లొమాతోనే మొదలువెట్టిందట. తీసుకుంటమని మాటైతే ఇయ్యలే. పరీక్ష ఉంటదట, వచ్చే ఏడు దరఖాస్తు వెట్టుమన్నది."

వేణుకు ఫోటో పంపింది. కారు పక్కన యామిని, చేతిలో పానా. పక్కనే సుష్మ, వెనక జెండా. చూసినట్టు ఫోన్‌లో గుర్తు పడింది. జవాబు మాత్రం లేదు. ఆ రాత్రి అల్వాల్‌లో మా చెల్లెలు ఈరవ్వ ఇంట్లో పడుకున్నంతసేపూ ఆ పిల్ల ఫోన్ దిండు మీదే పెట్టుకుంది.

ఆదివారం పందెం. ఆ కార్లకు ట్రాక్టరు మోత లేదు. తూనీగల మంద పోయినట్టు సుయ్యిమని మన ముందు నుంచి పోతాయి, మెడ తిప్పేలోపు ఉండవు. జనం మోతే మోత. నిన్నటి ఎర్ర టోపీ కుర్రవాడు మా వెనక వరసలోనే కూర్చుని, మా కారు వెనకబడ్డప్పుడల్లా "అవ్వా, నిమ్మకాయ పిండు!" అని అరుస్తున్నాడు.

పందెం సగంలో ఫోన్ మోగింది. వేణు. సుష్మ స్పీకర్ పెట్టింది.

"నిన్నటిసంది సూస్తున్న గా ఫోటో," అన్నాడు. "షెడ్డుల అందరికి సూపిచ్చిన. గది సరే గని బిడ్డా, గా చక్రానికి ఒక్కటే నట్టు ఉన్నదేంది? ఊడిపోదా?"

సుష్మ నా వంక చూసింది. నేను తల ఊపాను.

"ఊడదు బాపు. ఆగు, చెప్త. జల్ది ఇప్పనీకి అట్ల పెడ్తరు..." అని మొదలుపెట్టింది. ఒక చెవి మూసుకుని, రోడ్డుకు వీపు పెట్టి, చేయి గాలిలో తిప్పుతూ చెబుతోంది. అవతల వేణు "ఆఁ... ఆఁ... మరి గదెట్ల?" అంటున్నాడు.

పదిహేడో నంబరు కారు మా ముందు నుంచి దూసుకుపోయింది. సుష్మ చూడలేదు. నేను రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, ఆమె వంతు ఈల కూడా నేనే వేశాను.