పసుపు నూలు

విరుదునగర్ కాలేజీలో పరీక్ష హాలు తలుపుకు నిబంధనల కాగితం అంటించి, గోవిందరాజ్ నాలుగు మూలలూ అరచేత్తో ఒత్తాడు. అందులో ఏముందో చదవక్కరలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా అంటిస్తున్నవాడు. సెల్‌ఫోన్లు, సంచులు బయట పెట్టాలి. అరగంట దాటితే లోపలికి రానివ్వరు. జవాబు పత్రం మీద పేరు, దేవుడి గుర్తు, రాసినవారెవరో తెలిపే మరే గుర్తూ ఉండకూడదు. అదనపు కాగితాలను తెల్లదారంతోనే కట్టాలి.

ఆ చివరి నిబంధన అంటే ఆయనకు ప్రాణం. మనిషి సన్నగా ఉన్నా చేతులు పెద్దవి, వేళ్లు పొడుగు. నేతింట పుట్టి మగ్గమెక్కకుండా అటెండర్ అయ్యాడని తండ్రి బతికినన్నాళ్లూ సణిగాడు. అయినా ఆయన వేసేది నేతవాళ్ల ముడే. తెగిన పోగును కలిపే ఆ చిన్న ముడి గుంజేకొద్దీ బిగుస్తుంది. ఆయన కట్టిన పత్రం ఇన్నేళ్లలో ఒక్కటీ విడిపోలేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఆయనకు మాత్రం లోలోపల బోలెడు గర్వం.

సెమిస్టర్ చివరి పరీక్షల్లో ఈ రోజుదే ఆయన ఆఖరి డ్యూటీ. సాయంత్రానికి రిటైరు. పొద్దున కోవిల్‌పట్టిలో ఇల్లు కదిలేటప్పుడు, భార్య బొమ్మక్క తాను నేసిన కొత్త తెల్లతుండు ఆయన భుజం మీద వేసింది.

"నూలు నేనే కోసి సంచిలో పెట్టినా. ఇప్పుడు విప్పొద్దు, రయిలు వచ్చేస్తాది."

"కొరత లేదు కదే?"

"కొరతా? కడసి దినానికి తగినట్టే చేసుండా. పో పో."

హాల్లో కాపలా ఉన్న లెక్చరర్ కలైసెల్వి నిబంధనల దగ్గర అమ్మకైనా మినహాయింపు ఇవ్వదు. ఒకమ్మాయి అలవాటు కొద్దీ పత్రం పైన వినాయకుడి గుర్తు పిళ్ళైయార్ సుళి చుట్టేస్తే, ఆ కాగితం తీసేసుకుని కొత్తది ఇచ్చింది. గంట గడిచాక పుదూరు నుంచి వచ్చే సంగవి అదనపు కాగితం కోసం మొదటి చెయ్యి ఎత్తింది. గోవిందరాజ్ కాగితం ఇచ్చి, నూలుకట్ట విప్పాడు.

కట్టంతా పసుపు. మంచి దినమని బొమ్మక్క ప్రతి పోగునూ పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టింది.

"అయ్యో బొమ్మక్కా, ఏం పని చేసినావే!" అని ఇంటిభాష తెలుగులో గొణిగాడు. సంగవి తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది.

గోవిందరాజ్‌కు చెమటలు పట్టాయి. పేపర్లు దిద్దేది బయటివాళ్లు. రంగుదారం కనబడితే గుర్తు కింద లెక్కగట్టి పత్రం పక్కన పెట్టేస్తారు. రెండేళ్ల కిందట తొందరలో తనే రిబ్బను ముక్కతో కట్టుకున్న ఒక పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడవడం ఆయన కళ్లారా చూశాడు. ఆఫీసులో అడుగుదామంటే అక్కడ నూలెక్కడిది? ఇన్నేళ్లుగా తెచ్చేది తనే కదా.

ఆయన తుండు భుజం మీంచి తీశాడు. దాన్నొకసారి నిమిరాడు. బొమ్మక్క పది రోజులు నేసింది, ఈ ఒక్క సాయంత్రం కోసం. మనసు చివుక్కుమంది. అయినా అంచున అడ్డంగా పోయే పేకపోగు కొస వెతికి పట్టుకుని లాగాడు. వరస వెంట వరస, నూలు తెగకుండా వచ్చింది. నాలుగు పేటలు కలిపి తొడ మీద పురిపెట్టి, సంగవి పత్రానికి ముడివేశాడు. కలైసెల్వి చూసి, తలాడించి ముందుకు కదిలింది.

పద్నాలుగు మంది అదనపు కాగితాలు తీసుకున్నారు. పద్నాలుగు ముడులు పడేసరికి తుండు జానెడు కురచయింది. పడుగు పోగులు కుచ్చుల్లా వేలాడాయి. చివరి గంట కొట్టాక కలైసెల్వి ఒక ముడిని గట్టిగా గుంజి చూసింది. కదల్లేదు.

"ఇక మాకెవరు కడతారయ్యా?" అంది తమిళంలో. ఆమె అంత ఆప్యాయంగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. పత్రాల కట్టను ఇంకోసారి సరిచేసి ఆమె చేతికిచ్చాడు.

అందరూ వెళ్లాక సంగవి తలుపు దగ్గర ఆగింది. "తాతా, పరీచ్చ అయిపోయింది కదా. ఆ పసుపు నూలు ఒగటి ఇస్తారా?"

ఆయన నిర్ఘాంతపోయాడు. "నువ్వూ మన భాషేనా తల్లీ?"

"ఇంట్లో అదే తాతా. ఇంత మంచి నూలు, అవ్వ ఎంత ఆశతో ముంచిందో."

ఆయనకు ఎంత సంతోషమయిందంటే, ఒకటి అడిగితే రెండిచ్చాడు. మిగిలినవి తన గుర్తుగా తలుపు పక్కన మేకుకు తగిలించి, ఆఫీసులో పూలమాల వేయించుకుని, కురచ తుండు భుజాన వేసుకుని స్టేషనుకు నడిచాడు. బొమ్మక్కతో ఏం చెప్పాలో రైల్లో ఆలోచించుకోవచ్చు.

మర్నాటి పరీక్షకు నిబంధనల కాగితం కొత్తగా ఎవరో అంటించారు, కాస్త వంకరగా. దాని పక్కన మేకుకు పసుపు నూలుకట్ట అలాగే ఉంది.