షిరో పొట్లాల మీద కొత్త తేదీలు

ఇథియోపియా, కెన్యాల మధ్య మొయాలె సరిహద్దులో కెన్యా వైపు తనిఖీ షెడ్డులో అల్గనేష్ పొద్దుటి నుంచి కొత్త తేదీల చీటీలు అతికిస్తూనే ఉంది. పన్నెండు వందల షిరో పొట్లాలు. శనగలు వేయించి, మిరపకాయలు కలిపి, ఇథియోపియాలోని హవాసాలో ఆమె తల్లి మరో పదకొండు మంది ఆడవాళ్లతో దంచించిన పొడి. షిరో బాగా అమ్ముడుపోయే ఈస్టరు ముందరి పెద్ద ఉపవాసాలు మొదలయ్యేలోగా నైరోబిలోని తన కొట్టుకు చేర్చాలి. దిగుమతి అనుమతి కోసం మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగింది. మొదటి సరుకే తనిఖీలో తప్పితే దిగుమతిదారుల జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత పట్టించుకునే నాథుడుండడు.

తల్లిని తప్పుపట్టడానికి లేదు. ఆవిడ తనకు తెలిసిన, ఏడెనిమిదేళ్లు వెనక నడిచే తమ దేశపు కాలెండరు చూసి తేదీ వేయించింది: 2016, తిర్ నెల. ఇథియోపియాలో అది మొన్నటి మాట. సరిహద్దు గేటు దాటితే అదే పొడి ఎనిమిదేళ్ల పాతది, గడువు కూడా ఎప్పుడో తీరిపోయింది. గేటుకు అటూ ఇటూ మనుషులు పీల్చేది ఒకే దుమ్ము, సంవత్సరాలు మాత్రం వేరు.

"ముందు ఆఫీసరుకు చెప్పేస్తే పోలా అక్కా?" అన్నాడు లారీ తోలుకొచ్చిన తమ్ముడు డెరెజె, గడ్డం గోక్కుంటూ.

"ఏమని చెప్తావురా? మా దేశంలో కాలం నిదానంగా నడుస్తుందనా? నోరు మూసుకుని అతికించు."

మధ్యాహ్నం ఆఫీసరు కిలోంజో వచ్చాడు. ఒక పొట్లం తీసుకుని, బొటనవేలి గోటితో చీటీ అంచు లేపాడు. కింద పాత తేదీ. అల్గనేష్ చేతిలోని చీటీలు పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"అది మా లెక్క సార్. మా సంవత్సరం వెనకుంటుంది. సరుకు కొత్తదే, కావాలంటే రుచి చూడండి."

"తెలుసమ్మా. తొమ్మిదేళ్ల నుంచి ఇక్కడే ఉన్నా. మీవాళ్ల లారీల్లో ఎప్పుడూ ఇదే గోల. మీ ఎంబసీ నుంచి ఒక కాగితం తెస్తే వదిలేస్తాం."

"తెస్తాను సార్. ఇప్పుడే బయల్దేరతాను."

"ఈ చీటీలు లేకపోతే సరిపోయేది." అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడిది తేదీలు మార్చిన సరుకు. దీనికి ఏ కాగితమూ పనికిరాదు. నన్ను ఒక్కమాట అడిగుంటే పోయేది కదమ్మా."

అతను కోప్పడినా బాగుండేది. తిట్టేవాడితో పోట్లాడవచ్చు. ఇతను జాలిపడుతూనే సరుకు పూడ్చేయమని రాశాడు, ఆమె పేరు కొట్టేయమని కూడా రాశాడు.

ప్లాస్టిక్కుతో కలిపి పూడ్చకూడదట. మర్నాడు గోతి పక్కన కూర్చుని పొట్లాలన్నీ వాళ్లే చించి పొడి పారబోయాల్సి వచ్చింది. ఘాటుకు కూలీలు తుమ్ముతూ నవ్వారు. డెరెజె "నేను చెప్పలేదా" అనలేదు. అననందుకే ఆమెకు ఇంకా సిగ్గేసింది.

సగం పొట్లాలు అయ్యేసరికి ఫోను మోగింది. అమ్మ.

"సరుకు వదిలారా?"

అల్గనేష్ ఫోను చెవికి ఆనించుకుని గోతికి వీపు తిప్పింది.

"గాలికి వినపడట్లేదే. సరే, విను. రెండో విడత శనగలు పొయ్యి మీదకెక్కించా. ఇంకో నలుగురు వచ్చారు, వద్దన్నా కదలట్లేదు. ఎంత దంచమంటావు?"

వెనక రోకళ్ల చప్పుడు, ఆడవాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి.

"చెప్పు తల్లీ."

"దంచండమ్మా," అంది అల్గనేష్. ఫోను పెట్టేసి, చించడానికి ఇంకో పొట్లం అందుకుంది.