అత్తగారు నానబెట్టిన బోళం

కల్తూన్‌కి వాసన తెలియడం మానేసి నెలయింది. ఆ సంగతి ఆమెకి తప్ప ఎరిగావో అనే ఆ కొండ ఊళ్లో ఇంకో పురుగుకి తెలీదు. తెలిస్తే కొంప మునిగినట్టే. కన్ను మందగించినా, కాలు ఈడ్చినా ఏదోలా నెట్టుకు రావచ్చు గానీ, పెళ్లివారికి అత్తర్లు కలిపి అమ్ముకునే మనిషికి ముక్కు పోతే ఇంకేం మిగిలింది చెప్పండి?

మొగుడు గూలేద్ కొండల్లో తిరిగి బోళం చెట్లకి గాట్లు పెట్టి, కారిన జిగురు మూటగట్టి తెచ్చేవాడు. వానల్లో లోయలోకి జారిపడి చనిపోయాడు. అప్పట్నుంచి మొగుడు పోయినవాళ్లకి మతం పెట్టిన గడువు, నాలుగు నెలల పది రోజులు తెల్లబట్టలు, గడప దాటకూడదు, ఒంటికి సుగంధం తగలకూడదు. కల్తూన్ అన్నీ పాటించింది. మూడో నెల దాటాక జ్వరం మంచాన పడేసింది. లేచి చూస్తే టీలో యాలకుల వాసన లేదు. గూలేద్ చొక్కా మొహానికి అదుముకుంటే ఉత్త గుడ్డ. మొగుడు పోయిన రోజు కూడా అంతలా ఏడవలేదు.

ఇవాళ్టితో గడువు తీరింది. పొద్దున్నే అత్త దహబో, ఆడబిడ్డ రోడా కలిసి తలంటి, పసుపుపచ్చ కొత్తబట్టలు తొడిగారు. దహబో కొంగులోంచి చిన్న సీసా తీసింది.

"నేనే చేశానే. వాడు ఆఖరిసారి తెచ్చిన మూటలోదే బోళం. రోడా దుబాయ్ నుంచి తెచ్చిన నల్ల గింజలున్నాయి చూడు, టోంకాలంటారో ఏమంటారో, అవి దంచి కలిపి నువ్వుల నూనెలో నలభై రోజులు నానబెట్టా. తప్పులుంటే మనసులో తిట్టుకో, పైకి అనకు."

తప్పు సీసా అడుగునే కనిపిస్తోంది. జిగురుకి అంటిన బెరడు ఏరకుండా అలాగే పడేసింది ముసలమ్మ. ఇంకెవరైనా అయితే కల్తూన్ ఏకిపారేసేది. ఇవాళ నోరు మూసుకుని మెడ చాపింది.

చెవుల వెనక, మెడ మీద, మణికట్ల మీద రోడా రాసింది. "ఎలా ఉంది వదినా? తీర్పు నీదే."

చల్లగా, జిడ్డుగా ఉంది. అంతే.

"బాగుంది," అంది కల్తూన్. దహబో మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి కల్తూన్‌కి చచ్చిపోవాలనిపించింది.

ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా వచ్చి వాలారు. వచ్చిన ప్రతి మనిషీ ఆమె మెడ దగ్గర ముక్కు పెట్టేదే. పక్కింటి అంబరో పక్కనుంచి లేస్తే ఒట్టు. "ఏమేవ్, నీ దగ్గర కూర్చుంటే టీలో పంచదార అక్కర్లేదే. వచ్చే వారం మా పిల్ల పెళ్లికి ఇదే కలపాలి. మాటిచ్చేయ్."

కల్తూన్ నవ్వి ఆమె గ్లాసులో ఇంకాస్త టీ పోసింది. మాటివ్వడానికి ముక్కేదీ?

మధ్యాహ్నం నమాజు వేళకి అందరూ లేచారు. తలగుడ్డ సర్దుకుందామని చెయ్యెత్తితే మణికట్టు ముక్కుకి తగిలింది. సన్నగా చేదు. భ్రమ అనుకుంది. ఊపిరి బిగబట్టి మళ్లీ పీల్చింది. చేదే. దాని వెనకే బెరడు, దుమ్ము, ఎండకి కాగిన రాయి. కొండ దిగొచ్చిన రోజు గూలేద్ అరచేతులు అచ్చం ఇలాగే ఉండేవి. ఇంతలో ఒంటి వేడికి అడుగునుంచి తీపి లేచింది. హల్వా పాకం, వేయించిన బాదం, కోసి ఆరేసిన గడ్డి. తీపి చేదుని మింగెయ్యలేదు, చేదు తీపిని పోనివ్వలేదు. ఇరవయ్యేళ్లుగా ఎన్ని అత్తర్లు కలిపిందో లెక్కలేదు, ఇలాంటిది ఒక్కటీ కలపలేదు. దేవుడా, చుక్క నూనెలో ఇంత ఎలా పట్టించావయ్యా అనుకుంది.

ఇంక ఆగలేకపోయింది. టీ గ్లాసు వాసన చూసింది, యాలకులు. రోడా వదిలేసిన శాలువా చూసింది, అగరు. గ్లాసులు తియ్యడానికొచ్చిన అత్తని గబుక్కున వాటేసుకుని మెడలో మొహం దాచుకుంది.

అక్కడేమీ లేదు.

మళ్లీ పోయిందా అని హడలిపోయి తన మణికట్టు చూసుకుంది. ఉంది. మళ్లీ అత్త మెడ, ఈసారి నింపాదిగా. సబ్బు, పొయ్యి పొగ, నెయ్యి. అత్తరు లేదు. తలగుడ్డలో ధూపం కూడా లేదు. సందు మలుపులో ఉండగానే వాసన ఇంట్లోకొచ్చే మనిషి దహబో.

"అత్తా, ఏమీ పూసుకోలేదేం?"

"ముసలిదానికెందుకే."

"ఎన్నాళ్లయింది?"

దహబో గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడుతూ కూర్చుంది. బిడ్డ పోతే కన్నతల్లికి పాటింపు మూడు రోజులే. నాలుగో రోజు పూసుకున్నా ఎవరూ ఏమనరు, పూసుకోకపోయినా ఎవరూ చూడరు.

"నీకైతే లెక్కపెట్టడానికి ఊరంతా ఉంది," అంది చివరికి. "నా దుఃఖం కూడా నీ గడువు లెక్కలోనే పెట్టుకున్నా."

"మరి ఈ అత్తరెలా చేశావ్?"

"వాసన అంటకుండా చేతులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని."

కల్తూన్ సీసా మూత తీసి, అత్త మణికట్టు పట్టుకుని చుక్క వేసి, వేడెక్కేదాకా బొటనవేలితో రుద్దింది. వద్దే వద్దే అంటూనే దహబో చెయ్యి వదిలించుకోలేదు. చాలాసేపటికి మణికట్టు ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"వాడి చేతులే," అంది.