నిశానీ

పదకొండేళ్ళలో చెల్లెలికి ఒక రవికెగుడ్డయినా పెట్టని అన్న, ఒకరోజు పొద్దున్నే జరీ అంచు చీరతో ఆమె గుమ్మంలో నిలబడ్డాడంటే, పాఠకులారా, అది ప్రేమేనని మీరు నమ్ముతారా? తొంభై తొమ్మిదిలో కోటేశ్వరి నమ్మింది. ఆ చీర కట్టుకుని, అన్న నాగేంద్రబాబు మోటారుసైకిలు మీద పర్చూరు వచ్చింది. హోటల్లో పెసరట్టు కూడా పెట్టించాడు మహానుభావుడు.

"నాన్న పేరు తీసేసి పాస్ పుస్తకంలో నా పేరు ఎక్కించాలంటమ్మా. ఊరికే ఒక వేలిముద్ర, అంతే" అన్నాడు.

వాళ్ళ నాన్న బుల్లయ్య పదకొండేళ్ళ కిందట వీలునామా రాయకుండానే పోయాడు. తల్లి అంతకుముందే పోయింది. మిగిలింది ఆయన స్వార్జితం, నాలుగెకరాల నల్లరేగడి. చట్టప్రకారం కొడుక్కి రెండు, కూతురికి రెండు. ఈ సంగతి నాగేంద్రబాబుకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. తెలియనిదల్లా కోటేశ్వరికే. ఏటా ఆ చేలోనే మిరపకాయ కోతకు వచ్చేది. సగానికి హక్కుదారు, తన చేలో తానే కూలి! ఇంటికి పోయేటప్పుడు అన్న తన ఒళ్ళో పోసిన గుప్పెడు పండుమిరపకాయలు చూసుకుని మురిసిపోయేది.

రిజిస్ట్రారాఫీసు ముందు బల్ల వేసుకున్న దస్తావేజు లేఖరి అనంతపద్మనాభం, కాగితాన్ని తద్దినం మంత్రంలా గడగడా చదివేసి, ఆమె బొటనవేలికి సిరా పులిమాడు. ముద్ర వేయబోతూ కోటేశ్వరి ఆగింది.

"అదేంటండీ, నా పేరు పక్కన నిశానీ అని రాశారు?"

సంతకం రానివాళ్ళ వేలిముద్రకు కచేరీ భాషలో ఆ పేరు.

"నీకు సంతకం ఎప్పుడొచ్చిందే?" నాగేంద్రబాబు నోరు తెరిచాడు.

"మా ఊళ్ళో పెద్దోళ్ళ బడి పెట్టినప్పుడు నేర్చుకున్నా అన్నయ్యా. చదవటం కూడా. ఇటివ్వండి పంతులుగారూ."

కూడబలుక్కుంటూ చదివింది. "ఎవరి... ప్రోద్బలమూ లేక... స్వస్థబుద్ధితో... నా సగభాగమందలి సర్వహక్కులు... విడుదల..." తలెత్తింది. "విడుదలేంటన్నయ్యా? నేనేమన్నా జైల్లో ఉన్నానా?"

"హక్కు వదులుకున్నట్టు రాయటం, అదంతా రివాజమ్మా" అన్నాడు లేఖరి.

"నా సగభాగం అని మీరే రాశారుగా. లేని సగాన్ని ఎట్టా వదులుకుంటారండీ?"

ఎవరి ప్రోద్బలమూ లేదని రాయించిన పెద్దమనిషి, ఆమె మణికట్టు పట్టుకుని కాగితం మీదికి లాగాడు.

"ఒసేయ్, నీకు గట్టు కావాలా, గడప కావాలా? వేలు వెయ్యకపోతే పుట్టింటి గడప తొక్కనియ్యను!"

"పదకొండేళ్ళుగా ఆ గడప లోపల నాకు కంచం పెట్టావా? గట్టు మీద కూర్చునేగా సద్ది తిన్నా! నాకు గట్టే కావాలి." చెయ్యి విదిలించుకుంది. "చీర మాత్రం తిరిగియ్యను. నా రెండెకరాల కాయలతో కొన్నదేగా!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. కోటేశ్వరి ఆ సిరా వేలిని జరీ అంచుకే తుడుచుకుని బస్టాండు వైపు నడిచింది.

"ముప్పై ఏళ్ళుగా ఇవే కాగితాలు రాస్తున్నా. చదివిన ఆడకూతుర్ని ఇవాళే చూశా" అన్నాడు లేఖరి, గొప్ప వింత చెబుతున్నట్టు. ఆ ముప్పై ఏళ్ళలో ఎన్ని వేళ్ళకు సిరా పులిమాడో మాత్రం చెప్పలేదు.

అక్కల్లారా, చెల్లెళ్ళారా! చీర పెట్టి వేలు అడిగేవాడు సొంత అన్నయినా సరే, ముందు కాగితం చదవండి. చదవకుండా వేసిన వేలిముద్రతో పొలం వాడిదవుతుంది, మరక మనదవుతుంది.