చదును

ఇళ్లకు రంగులు వేసే పని కాబట్టి అందరూ ఆమెను రంగులమ్మ అనేవారు. సీలింగ్ పనిలో ఆమె తరవాతే ఎవరైనా. క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశారు, రేడియేషనూ ఇచ్చారు. ఏడాది గడిచాక, పోయినదాని చోట కొత్తది కట్టించుకోమని అక్క పోరు పెడితే ప్లాస్టిక్ సర్జన్ ముందు కూర్చుంది. పక్కన భర్త, ఆ పక్కన అక్క.

సర్జన్ మంచావిడే. బొమ్మలు గీసి మరీ ఓపిగ్గా చెప్పింది. సిలికాన్ సంచీ పెట్టొచ్చు. కానీ రేడియేషన్ తగిలిన చోట గట్టిపడడం, చీము పట్టడం ఎక్కువ. పొట్ట దగ్గరి కొవ్వూ చర్మమూ తెచ్చి కట్టొచ్చు. కానీ రంగులమ్మ పొట్ట చూసి ఆవిడే పెదవి విరిచింది.

"తీయడానికి మీ దగ్గరేం లేదమ్మా."

"పనికొచ్చే చోట కొవ్వు పెట్టుకోవడం కూడా చేతకాలేదు దీనికి," అంది అక్క.

ఇక మిగిలింది వీపు. అక్కడి కండను చర్మంతో సహా ముందుకు తిప్పి కట్టాలి.

"చెయ్యి ఎత్తడానికి ఇబ్బందా?" అడిగింది రంగులమ్మ.

"కొన్నాళ్లుంటుంది. తరవాత చాలామందికి రోజువారీ పనులకు ఫరవాలేదు."

"నా రోజువారీ పని సీలింగండీ."

సర్జన్ పెన్ను ఆపింది. "అలాంటి పనికైతే బలం తగ్గినట్టు తెలుస్తుంది. తగ్గదని మాటివ్వలేను."

ఇంటికి రాగానే అక్క అందుకుంది. "మూడు దారులు చూపిస్తే మూడింటికీ మొహం తిప్పుకుంటే ఎలాగే?"

"మూడెక్కడున్నాయి? ఒకటి చీము పడుతుంది, ఒకటి నాకు కుదరదు, ఒకటి నా చేతిని తినేస్తుంది. వీటిని దారులంటారా?" భర్త వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"నీ ఇష్టం."

రంగులమ్మకు ఒళ్లు మండింది. "కర్టెన్ల గుడ్డ అడిగినా అదే మాట, నా ఒంటి గురించి అడిగినా అదే మాటా?"

అతను బల్ల వంక చూస్తూ అన్నాడు. "నిన్ను మళ్లీ స్ట్రెచర్ మీద చూడలేను. ఆ మాటంటే నా కోసం మానేస్తావని నోరు మూసుకున్నా."

ఆమెకు మనసు కరగలేదు సరికదా, ఇంకా మండింది. ఈ ముక్క చెప్పడానికి ఇన్నాళ్లా!

మరుసటి వారం సర్జన్ దగ్గరికి ఒక్కతే వెళ్లింది. "మూడూ వద్దు," అంది. చొక్కా పక్కకు తీసి చంక కింద వేలాడే మడత చూపించింది. "ఇది మాత్రం రాసుకుని పుండవుతోంది. దీనికేమైనా ఉందా?"

"అదనపు చర్మం తీసేసి చదునుగా సర్ది కుట్టొచ్చు. చిన్న ఆపరేషనే."

"మరి మొన్న చెప్పలేదేం?"

"రొమ్ము కావాలని వచ్చారనుకున్నాను."

"కావాలని నేనెప్పుడన్నాను? అన్నది మా అక్క!"

సర్జన్ ఒప్పుకుంది. "నిజమే. మిమ్మల్నే అడగాల్సింది."

ఒప్పుకున్నందుకు సంతోషమే, కానీ ఏడాదిపాటు రాపిడితో పడ్డ మంటకు బదులెవరిస్తారు?

ఆపరేషన్ చేయించుకుంది. భర్త ఆపరేషన్ గది గుమ్మం దగ్గరే నిలబడి గోళ్లు కొరుక్కున్నాడు. కుట్లు మానుతుండగా అక్క తన ఆడపడుచుని చూడ్డానికి తీసుకొచ్చింది.

"కొత్తది బాగా కుదిరిందా?" అని ఆవిడ ఆప్యాయంగా అడిగింది.

రంగులమ్మ అక్క వైపు చూసింది. అక్క ఫ్యాను వైపు చూసింది. అంటే చుట్టాలందరికీ అలాగే చెప్పుకొచ్చిందన్నమాట.

"కొత్తదేం లేదు వదినా. చదును చేయించుకున్నా."

"అయ్యో! మళ్లీ ఎప్పుడైనా కట్టించుకోవచ్చులే."

"కట్టించుకోవచ్చు. కట్టించుకోను."

ఆవిడ వెళ్లాక అక్క విరుచుకుపడింది. "నీ మంచికే అలా చెప్పానే. నలుగురూ జాలిపడతారని."

"పడనీ. వాళ్లకు నువ్వు అబద్ధం చెప్పి, దాన్ని నన్ను మొయ్యమంటావేంటి?"

అక్క చెప్పులేసుకుని విసవిసా వెళ్లిపోయింది. రంగులమ్మ గోడ దగ్గరికెళ్లి, ఫిజియో నేర్పినట్టు ఎడమచేతి వేళ్లను గోడ మీద మెల్లగా పైకి పాకించింది. చెయ్యి కంటి ఎత్తు దాటగానే చంకలో పట్టేసింది. ఆమె నోటికొచ్చిన తిట్టు తిట్టి, మళ్లీ కింద నుంచి మొదలుపెట్టింది.