మూడు పిలుపుల రూలు

హలో, వినబడుతోందా? ఒక్కసారి "ఆ" అనండి చాలు, చెప్పుకుపోతాను. జవాబు రాని చోట నేను మాట్లాడ్డం మానేసి వారమైంది.

ఆ రోజు పొద్దున మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను, మీటింగ్‌కి వేసుకునేది. లోపలి గదిలోంచి, "నా ముప్పై పేజీలు ప్రింట్ తీశావా?" అన్నాడు. నా ముప్పై పేజీలట! ఎనిమిది నెలల ఆదివారాలు ధారపోసి, కూరగాయల బుట్ట పక్కకి జరిపి, వంటింటి టేబుల్ మీద రాసింది నేను.

మేమిద్దరం ఒకే ఆఫీసు. ఆయన సెక్షన్ హెడ్, నేను ఆయన కింద. ఫ్రిజ్ ఒక కంపెనీది, ఆసుపత్రి మంచం ఇంకోళ్ళది, ఫ్యాక్టరీ మిషను మరోళ్ళది. అన్నిట్లోనూ చిన్న కంప్యూటర్ ఉంటుంది గానీ ఒకదాని మాట ఇంకోదానికి తెలీదు. అవన్నీ ఒకే భాషలో మాట్లాడుకునేలా రూల్స్ రాయడం మా పని. నాకదేం కొత్త కాదు లెండి. అత్తగారు "వాణ్ణి స్నానానికి లేవమనమ్మా" అంటారు. ఆ వాడు పక్క గదిలోనే ఉంటాడు. ఆయనేమో "టీవీ తగ్గించమని అమ్మకి చెప్పు" అంటాడు. తల్లీకొడుకుల మధ్య పదేళ్లుగా నేనే వైరు.

ఆ పేజీల్లో పదిహేడోది నాకు ప్రాణం. కబురందుకున్న ప్రతి వస్తువూ "అందింది" అని తిరిగి చెప్పాలి. మూడుసార్లు పిలిచినా ఆ మాట రాకపోతే అది లేనట్టే, లిస్టులోంచి తీసేయాలి. మూడే ఎందుకంటే, ఒక మధ్యాహ్నం నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. మంచినీళ్ళిమ్మని హాల్లో ఉన్న ఆయన్ని పిలిచాను. వినబడలేదేమో అనుకున్నాను. మళ్ళీ పిలిచాను. పనిలో ఉన్నాడేమో అనుకున్నాను. మూడోసారి పిలిస్తే టీవీ సౌండ్ పెరిగింది. గోడ పట్టుకుని వెళ్ళి నీళ్ళు తాగి వచ్చి, ఆ పేజీలో "మూడు" అని రాశాను.

మొదటి పేజీ మీద ఆయన పేరొక్కటే ఉంది. నా పేరూ పెట్టమన్నాను. "ఇంటిపేరు ఒకటేగా, ఎవరిదైతే ఏంటి?" అని నవ్వాడు. మర్నాడు అడిగితే ఫోన్ చూసుకున్నాడు. ఆ పొద్దున చొక్కా చేతికిస్తూ మూడోసారి అడిగాను. "కాలర్ సరిగ్గా రాలేదు" అన్నాడు.

మీటింగ్‌లో ఎవరేమన్నారో రాసే పని నాది. అన్ని కంపెనీల వాళ్ళూ వచ్చారు. మా ఆయన ఓ అరగంట దంచాక, ఆసుపత్రి మంచాలు చేసే పెద్దాయన పదిహేడో పేజీ తీశాడు. రోగి పడుకున్న మంచాన్ని మూడు పిలుపులకే ఎలా వదిలేస్తారు, ఐదెందుకు పెట్టలేదు అని అడిగాడు. మా ఆయన నావైపు తిరిగి, "ఏమోయ్, చెప్పు" అన్నాడు. నేను కాగితం మీద రాశాను: మొదటి పిలుపు, జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. రెండోది కూడా రాశాను. ఇంక నా కుర్చీ దాకా వచ్చి, పళ్ళ మధ్యనుంచి, "పరువు తీయకే" అన్నాడు. నేనిస్త్రీ చేసిన కాలర్ చెమటకి తడిసిపోతోంది. అది చూస్తుంటే ఎంత హాయిగా ఉందో మీ దగ్గర దాచను. మూడోది రాశాను.

మీటింగ్ నడిపే పెద్దావిడ ఏం రాశారో చదవమంది. ఉన్నదున్నట్టు చదివాను, పరువుతో సహా. ఎందుకు జవాబివ్వలేదమ్మా అని అడిగిందావిడ.

"రాసింది నేనండీ. పేరు ఆయనది. జవాబు పేరున్నవాళ్ళే చెప్పాలి కదండీ."

తర్వాత మంచాల పెద్దాయనకి చెప్పాను. లిస్టులోంచి తీసేయడమంటే వదిలేయడం కాదండీ, ఆ క్షణమే నర్సు గదిలో గంట మోగుతుంది. పలకని మంచాన్ని ఐదుసార్లు పిలుస్తూ కూర్చుంటే, ఆ ఎక్కువైన రెండు పిలుపుల్లో రోగికేమన్నా అవ్వొచ్చు. ఒకసారి వినబడకపోవచ్చు, రెండోసారి పనిలో ఉండొచ్చు, మూడోసారి కూడా పలకలేదంటే ఇంక మనమే లేవాలి. ఆయన తలూపాడు.

పెద్దావిడ మొదటి పేజీ మీద మా ఆయన పేరు కొట్టేసి, నా పేరడిగింది. చెప్పాను.

"ఇంటిపేరు?"

"అక్కర్లేదండీ."

సాయంత్రం అత్తగారు "వాడికేమైందో కనుక్కోమ్మా" అన్నారు. "మీ అబ్బాయి పక్క గదిలోనే ఉన్నాడండీ" అని నా బట్టలు సర్దుకోవడానికి కూర్చున్నాను. ఆయనొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి కూడా పిలిచాడు. అప్పుడు తలెత్తి, "అందింది" అన్నాను. పెట్టె జిప్పు వేశాను.

హలో, ఉన్నారా? నా కబురు మీకూ అందితే, గోడకవతల ఎవరో ఒకావిడ నీళ్ళకోసం పిలుస్తూ ఉంటుంది, ఆవిడకి పంపండి దీన్ని. నేను మూడుసార్లు అడగను.