ఉయ్యాల కొక్కేనికి పూలబుట్ట

నేను ఒక వేలాడే పూలబుట్టను. ఇనప తీగె ఒళ్ళు, లోపల కొబ్బరి పీచు, పైన మూడు గొలుసులు. కడియం నర్సరీలో పుట్టాను. దిగులు నాకు పుట్టుకతో వచ్చింది. నేలమీద ఆనడానికి కాళ్ళు లేవు, బతుకంతా ఎవరో దిగ్గొట్టిన కొక్కెం దయ. అది చాలదన్నట్టు, మండపేటలో సూరాయమ్మగారి వరండాలో నన్ను తగిలించింది ఉయ్యాల కొక్కేనికి.

ఆ ఇంటి సంగతి చెప్పాలి. కిందటేడు సూరాయమ్మ కోడలు హైమకి నెలలు నిండకుండానే బిడ్డ పుట్టి పోయాడు. ముచ్చటపడి ముందే కట్టిన ఉయ్యాల గాలికి ఊరికే ఊగుతుంటే, ఖాళీ ఉయ్యాల ఊగకూడదని సూరాయమ్మ విప్పి ఎవరికో ఇచ్చేసింది. ఇప్పుడు హైమకి మళ్ళీ ఏడో నెల. బోసి కొక్కెం చూసినప్పుడల్లా ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటోందని మొగుడు గంగరాజు నన్ను కొనుక్కొచ్చాడు. మగవాడి బుర్ర! పుండుమీద పువ్వు పెట్టాడు.

హైమ మాత్రం నన్ను ప్రేమగానే చూసుకుంది. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నింపి, పిటూనియా నారు నాటింది. పొద్దున్నే మట్టిలో వేలు గుచ్చి తడి చూసేది. వాడిన పూలు తుంపేది, గుబురుగా రావాలని కొసలు గిల్లేది, అన్ని పక్కలా ఎండ తగలాలని తిప్పి పెట్టేది. నేను విరగబూశాను. అదే నా ప్రాణం మీదికి తెచ్చింది.

చెట్టు చల్లగా ఉంటే కడుపులో పిల్ల చల్లగా ఉన్నట్టేనని సూరాయమ్మ పక్కింటావిడతో అనేసింది. ఇంకేముంది! ఒక్క ఆకు పండితే చాలు, ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. హైమ పోసిన నీళ్ళు చాలవేమోనని అత్తగారు చాటుగా ఓ చెంబు, ఆవిడకి తెలియకుండా గంగరాజు ఇంకో చెంబు. బాబోయ్, వేళ్ళు కుళ్ళిపోతాయిరా అని అరుద్దామంటే నోరేదీ? మనుషులు ప్రేమతోనే ముంచేస్తారు.

ఒకరోజు హైమ నాకేసి చూస్తూ, "అత్తయ్యా, ఇదెప్పుడు దింపుతామండీ?" అంది.

"దింపే రోజొస్తే నేనే చెప్తాను. నువ్వా మాటెత్తకమ్మా," అంది సూరాయమ్మ.

నన్ను దింపడానికి రెండే దారులు: ఉయ్యాల కట్టడానికో, ఎండిపోతే పారెయ్యడానికో.

నొప్పులు ఈసారీ ముందే వచ్చాయి. తాళం వేసి అందరూ ఆసుపత్రికి పరిగెత్తారు. నాకు నీళ్ళు లేవు. మట్టి నెర్రెలిచ్చింది, పూలు ముడుచుకుపోయాయి. నా దాహం కన్నా నాకు వాళ్ళ గురించే ఎక్కువ భయం. తిరిగొచ్చి ఇలా ఎండిపోయిన నన్ను చూస్తే ఏమనుకుంటారో, అసలు ఏ వార్తతో వస్తారో అని కొట్టుమిట్టాడాను.

చివరికి గంగరాజు ఒక్కడే వచ్చాడు. మాసిన గడ్డం, ఉబ్బిన కళ్ళు. నన్ను కొక్కెం నుంచి తీసి ఓ మూల పెట్టాడు. ఎండిన పూలు రాలితే చూడనైనా లేదు. అయిపోయింది, పారేస్తాడు, ఆ తల్లికి మళ్ళీ కడుపుకోతే అనుకున్నాను.

అతను స్టూలెక్కి, రెండు చేతులతో కొక్కేన్ని పట్టుకుని, కాళ్ళు పైకి ముడిచి, ఒంటి బరువంతా వేసి వేలాడాడు. దూలం కిర్రుమంది. దిగి, మళ్ళీ వేలాడాడు. తర్వాత ఫోన్ తీసి, "అమ్మా, ఉయ్యాలకి కొక్కెం గట్టిగానే ఉందే," అని ఏడ్చేశాడు.

నాకు గుక్కెడు నీళ్ళు పొయ్యాలని మాత్రం తోచలేదు. పోనిద్దురూ.

ఇప్పుడు పెరట్లో, బట్టలుతికే బండ పక్కన పడి ఉన్నాను. నెత్తిమీద దండెం నిండా పొత్తిగుడ్డలు. వాటి నుంచి కారే చుక్కలే నాకు నీళ్ళు. ఏ పూటైనా దండెం ఖాళీగా కనిపించిందా, ఇక నాకు దడే, పిల్లకి ఒంట్లో ఎలా ఉందోనని.